కొసరు గాజులు

అనుప్రియకు మాట ఒక వరం. ఎంత మొండి తల్లినైనా, ఎంత అనుమానపు అవ్వనైనా పది నిమిషాల్లో దారికి తెచ్చేది. కదిర్కామంలో ఆమె పనిచేసే పిల్లల థెరపీ సెంటర్‌లో అందరిదీ ఒకే మాట: "అనుప్రియ చెప్తే గోడ కూడా తలూపుతుంది." గోడ సంగతేమో గానీ, తన మాటలకు తానే తలూపుకునే అలవాటు మాత్రం ఆమెకు బాగా ఉండేది. మనిషికి అంతకంటే పెద్ద ప్రమాదం లేదని అప్పటికామెకు తెలియదు.

ఆ సెంటర్‌కి వచ్చేది పుట్టుకతోనో, పుట్టిన కొత్తలోనో చెయ్యీ కాలూ స్వాధీనం తప్పిన పిల్లలు. ఏళ్ళ తరబడి అక్కడ జరిగిందేమిటంటే, తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని బస్సుల్లో వచ్చేవాళ్ళు, థెరపిస్టులు ఆ చేతుల్నీ కాళ్ళనీ చాప మీద సాగదీసేవాళ్ళు, ఇంటికి పోయేసరికి అవి మళ్ళీ ముడుచుకునేవి. అలా సాగదీస్తే పెద్దగా లాభం లేదనీ, బిడ్డ తనకు ఇష్టమైన పనిని తన ఇంట్లోనే పదే పదే చేయాలనీ పుస్తకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. పుస్తకం బీరువాలో ఉంది, బిడ్డ చాప మీద ఉంది. రెంటికీ మధ్య దారి లేదు.

ఆ దారి వేయడానికి ఒక శాస్త్రం ఉందని పెద్ద డాక్టర్ రఘునాథన్ ఒకరోజు కబురు తెచ్చాడు. దాని పేరు ఇంప్లిమెంటేషన్ సైన్స్. పేరు భయపెడుతుంది గానీ సంగతి వంటింటిదే. మంచి కూర ఎట్లా చేయాలో పుస్తకంలో ఉంటుంది. ఆ కూర మన ఇంట్లో, మన పొయ్యి మీద, మన అత్తగారి ముందు ఎందుకు కుదరదో పుస్తకంలో ఉండదు. ఆ కుదరకపోవడాన్ని పట్టుకోవడమే ఈ శాస్త్రం పని. వైద్యం ఎవరి దగ్గర ఆగుతోంది, ఏది అడ్డం పడుతోంది, ఆ అడ్డాన్ని ఎట్లా తీయాలి, తీశాక పని నిలబడిందా అని వరసగా అడుగుతుంది. దానికో చట్రం, ఆ చట్రానికి గళ్ళు. సెంటర్‌లో ఈ పద్ధతిని భుజాన వేసుకుని నడిపే మనిషి ఒకరు కావాలన్నాడు డాక్టర్. అందరూ అనుప్రియ వైపు తిరిగారు. ఆమె వద్దనలేదు.

మొదటి మీటింగ్‌లో అడ్డాలన్నీ పసుపు చీటీల మీద రాసి గోడకు అంటించారు. ఇంట్లో తీరిక లేదు. అవ్వలు గారాబం చేస్తారు. నాన్నలు పట్టించుకోరు. బంధువుల ముందు బిడ్డను చూపించడానికి సిగ్గు. ఈ చివరి చీటీ అనుప్రియ రాసింది. రాయడమే కాదు, విరుగుడూ చెప్పింది: "పండగా పబ్బమూ వస్తే ఈ బిడ్డల్ని లోపలి గదిలో పెడతారు సార్. మనం తిప్పి కొడదాం. ఇంటి వేడుకలో నలుగురి ముందు బిడ్డకు ఒక పని అప్పగించమని చెబుదాం. అదే లక్ష్యం, అదే ప్రాక్టీసు. సిగ్గు దానంతటదే పోతుంది." డాక్టర్ బల్ల మీద దరువేసి మెచ్చుకున్నాడు. తర్వాత గోడ వంక చూసి, "అన్నీ వాళ్ళ చీటీలే. మన వైపు అడ్డమేమీ లేదా?" అన్నాడు.

"మనమే అడ్డమైతే ఇంక మనమెందుకు సార్?" అంది అనుప్రియ. అందరూ నవ్వారు. చీటీల గోల అంతటితో ముగిసింది.

ఆ వారంలోనే జనని వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఊరు విల్లియనూరు. కుడి చెయ్యి ఎప్పుడూ పిడికిలే, బొటనవేలు లోపలికి దాక్కుని ఉంటుంది. వాళ్ళమ్మ సుగంధి ఒక బట్టల షాపులో నిలువుకాళ్ళ ఉద్యోగం చేస్తుంది. పిల్లను సాకేదంతా అవ్వ మునెమ్మ. ఆమెకు గుడి వీధిలో గాజుల బండి ఉంది. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగని తెలిసినప్పుడు అనుప్రియకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ఇల్లూ అలాంటిదే మరి. బయటంతా తమిళం, గడప దాటి లోపలికొస్తే అవ్వల నాటి తెలుగు.

కొత్త పద్ధతి ప్రకారం లక్ష్యం డాక్టర్ చెప్పకూడదు, థెరపిస్టూ చెప్పకూడదు, బిడ్డ చెప్పాలి. "రెండు చేతులతో ఏం చెయ్యాలని ఉంది జననీ?" అని అడిగింది అనుప్రియ. మగపిల్లలు క్రికెట్ బ్యాటంటారు, ఆడపిల్లలు జడంటారు. జనని ఆలోచించకుండానే చెప్పింది:

"గాజులు వెయ్యాల."

"వేసుకోవాలనా?"

"కాదక్కా. వెయ్యాల. అవ్వ వేస్తుందే, అట్ల."

అనుప్రియ కళ్ళు మెరిశాయి. ఒకరి చేతికి గాజు వేయాలంటే ఒక చేత్తో వాళ్ళ వేళ్ళను కూడదీసి నొక్కాలి, రెండో చేత్తో గాజును మెల్లగా ఎక్కించాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. వెతికినా దొరకని లక్ష్యం. పైగా అప్పుడామెకు నాలుగో నెల. మాట వరం ఉన్నవాళ్ళకు సమయానికి మాట దొరుకుతుంది, అదే వాళ్ళ శాపం.

"సెరి, నాకు ఏడో నెలలో గాజుల వేడుక చేస్తారు కదా. నువ్వొచ్చి వేస్తావా నా చేతికి?"

పిల్ల మొహం విచ్చుకుంది. మునెమ్మ మొహం మాత్రం ముడుచుకుంది. "పాపా, అది నిండు వేడుక. మీ ఇంటోళ్ళు ఏమన్నా అనుకుంటారు" అంది మెల్లగా.

"ఏంది అవ్వా, మీరే ఇట్లంటే ఎట్లా? మీరు దాచిపెట్టుకోబట్టే ఊరంతా దాచమంటుండాది" అంది అనుప్రియ. ఒక పేద అవ్వను మందలిస్తూ ఆమె ఎంత హాయిగా ఫీలయిందో! మునెమ్మ తలవంచుకుంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో గాజుల చదువు మొదలైంది. బండి సర్దేశాక రోజూ మునెమ్మ చేయి చాపి కూర్చునేది, జనని వేసేది. మొదట్లో గాజులన్నీ నేలపాలు. గాజు పగిలిందని మునెమ్మ నోట రాదు, పెరిగిందంటుంది, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళ మర్యాద అది. "ఈపొద్దు నాలుగు పెరిగినాయి పాపా" అని నవ్వుతూ చెప్పేది, మణికట్టు మీద గీతల్ని కొంగుతో కప్పుకుంటూ. అనుప్రియ ఇంటికొచ్చి చూసినప్పుడల్లా పిల్ల బొటనవేలు ఇంకాస్త బయటికొచ్చేది. సాగదీసి సాగదీసి ఎన్నేళ్ళకూ రాని బొటనవేలు! సెంటర్‌లో జనని కథ పాటైపోయింది. అనుప్రియ దాన్ని బోర్డు ముందు నిలబడి చెప్పని మీటింగ్ లేదు.

మునెమ్మ కూడా మెత్తబడింది. "కడుపుతో ఉన్న పిల్లకు గాజులేస్తే మేము ఒక జత కొసరేస్తాం. డబ్బు తీసుకోం. ఆ కొసరు జతే జనని వేస్తుంది" అంది. బంగారు చుక్కలున్న ఆకుపచ్చ జతను పిల్లే ఏరుకుంది. దూదిలో చుట్టి దాచుకుంది.

ఇక ఇంటి సంగతి. ఇక్కడొక మాట చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. అనుప్రియ కడుపుతో ఉండడం ఇది రెండోసారి. మొదటిది మూడో నెలలోనే పోయింది. ఆ దుఃఖం ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు, మాట వరం దానికి పనికిరాలేదు. అత్తగారు అంబుజం ఆ తర్వాత ఆమెను ఒక్క మాట అనలేదు, వేడినీళ్ళు కాచి పోసింది, పక్కన పడుకుంది. జనని విషయం చెప్పినప్పుడు ఆమె, "కడుపుతో ఉన్నోళ్ళు అట్లాంటి బిడ్డల్ని తాకకూడదంటారు. నాకు భయమే. అయినా నువ్వు దినమూ వాళ్ళతోనే ఉండేదానివి, నీకు తెలీదా? నీ ఇష్టం అమ్మా" అంది. భర్త నరేంద్రన్ అయితే, "మంచి పని, పిలువు" అన్నాడు. అడ్డం చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత తప్పెవరి మీదైనా వేయాలనిపిస్తుంది.

వేడుక రోజు వచ్చింది. విల్లియనూరు రోడ్డు మీద చిన్న కల్యాణ మండపం. అనుప్రియ ఆకుపచ్చ పట్టుచీరలో, చెంపలకు గంధంతో కుర్చీలో కూర్చుంది. ముందు అంబుజం ఆనవాయితీ ప్రకారం వేపరెమ్మతో చుట్టిన కడియం వేసింది. తర్వాత ముత్తైదువులు ఒక్కొక్కరే వచ్చి గంధం పూసి, కుంకుమ పెట్టి, ఎరుపూ పచ్చా గాజులు ఎక్కిస్తున్నారు. గాజుల చప్పుడు కడుపులో బిడ్డకు వినపడుతుందని నవ్వులు. డాక్టర్ రఘునాథన్, సెంటర్ వాళ్ళందరూ వెనక వరసలో ఉన్నారు.

మునెమ్మ, జనని పొద్దున్నే వచ్చారు. అందరికంటే ముందే వచ్చారు. జననికి కొత్త పావడా, రెండు జడలు, మల్లెపూలు. దూది పొట్లం ఎడమచేతిలో పట్టుకుని, తన వంతు కోసం కన్ను ఆర్పకుండా చూస్తోంది.

వంతు వచ్చింది. జనని దగ్గరికొచ్చింది. గాజుల్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిని ముందుకు చాపింది. ఉత్సాహంలో ఆ చెయ్యి బిర్రబిగిసింది, మణికట్టు వంగింది, వేళ్ళు వంకర్లు తిరిగాయి. ఉద్వేగం వస్తే ఈ బిడ్డల చేతులు అట్లా బిగుస్తాయని, ఒక్క క్షణం ఆగితే సడలుతాయని అనుప్రియకు తెలుసు. వందమంది తల్లులకు చెప్పింది. ఆ వంకర చెయ్యి తన కడుపు వైపు రావడం చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ పట్టి లాగలేదు. అనుప్రియ చెయ్యి దానంతటదే వెనక్కి పోయి, కడుపు మీద అడ్డంగా పడింది.

అంత చిన్న సంగతి. కానీ ఆ చెయ్యి ఏమందో అక్కడున్న ముగ్గురు విన్నారు. అంబుజం విని, కోడలు భయపడిందని, వంగి పిల్ల భుజం మీద చెయ్యేసింది: "దా బంగారూ, ముందు బోయి అన్నం తిను. తర్వాత వేద్దువు." మునెమ్మ విని, పిల్ల చేతిలోంచి గాజుల్ని తీసి మళ్ళీ దూదిలో చుట్టింది. అనుప్రియ విని, "ఉండత్తా" అనాలనుకుంది. నోటి చివరి దాకా వచ్చిన ఆ ఒక్క మాట బయటికి రాలేదు. గోడల చేత తలూపించే నోరు! ఫోటోగ్రాఫర్ "ఇటు చూడండి మేడమ్" అన్నాడు. ఆమె తలెత్తి నవ్వింది కూడా. ఆ నవ్వు ఫోటోలో ఇప్పటికీ ఉంది.

అన్నాల గదినుంచి వాళ్ళు తిరిగి రాలేదు. అనుప్రియ ద్వారం వైపు చూస్తూనే ఉంది. వస్తే బాగుండునని కొంత, రాకపోతే బాగుండునని కొంత. రెండోదే ఎక్కువ. అది తెలిసి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆ గాజుల్ని కాన్పయ్యేదాకా తీయకూడదు. దాంతో ఆమె ఎక్కడికి పోయినా చప్పుడు. నీళ్ళు తాగితే చప్పుడు, తలదువ్వుకుంటే చప్పుడు, సెంటర్‌లో బోర్డు మీద రాస్తుంటే చప్పుడు. చూసినవాళ్ళందరూ ముచ్చటపడేవాళ్ళు. ఆమె మాత్రం తేలు కుట్టిన దొంగలా మింగలేకా కక్కలేకా తిరిగేది. ఒకరోజు అత్తగారి మీద కోపం తెచ్చుకుందామని చూసింది, కుదరలేదు. మూఢనమ్మకాల మీదికి నెట్టేద్దామని చూసింది, అదీ కుదరలేదు. నమ్మింది తానే కదా. చదివిన చదువు, చేసిన ఉద్యోగం అన్నీ ఒంటి పైన కట్టుకున్న బట్టలేనని, లోపల ఇంకెవరో ఉన్నారని ఆమెకు తెలిసిపోయింది. ఆ లోపలి మనిషిని చూస్తే ఆమెకు అసహ్యం వేసింది.

విల్లియనూరు పోవడం రెండు వారాలు వాయిదా వేసింది. ఒంట్లో బాగాలేదంది, అందరూ నమ్మారు. చివరికి డాక్టరే అడిగాడు: "జననిది ఏమైంది? ఆరోజు వేసిందా గాజులు? అన్నం దగ్గర రద్దీలో నేను చూడలేదు. వేయకపోతే అడ్డం ఏమిటో కనుక్కోండి. మిగతా పిల్లలకు పనికొస్తుంది." సరేనంది. దారి పొడుగునా, బస్సు ఊగినప్పుడల్లా గాజులు మోగాయి. చెప్పేయాలి, అవ్వ కాళ్ళు పట్టుకునైనా సరే చెప్పేయాలి అని ఆమె నిశ్చయించుకుంది.

మునెమ్మ ఎప్పటిలాగే ఎదురొచ్చింది. "దా పాపా, ఎండలో వచ్చినావు. కాళ్ళు వాచినాయే" అని కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చింది. జనని పరుగున వచ్చి అవ్వ చేయి పట్టుకుని, "చూడక్కా" అని ఒక ఎర్రగాజు తీసింది. చేయి బిగిసింది. పిల్ల ఆగింది, ఊపిరి వదిలింది, వేళ్ళు సడలాయి. కుడిచేత్తో అవ్వ వేళ్ళను కూడదీసి నొక్కి, ఎడమచేత్తో గాజును మెల్లగా ఎక్కించేసింది. ఎక్కడా చిట్లలేదు. పుస్తకం చెప్పిందంతా నిజమే. బిడ్డ తన పని తాను చేసేసింది.

"శభాష్" అంది అనుప్రియ. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి వచ్చిన పని అడిగింది. "అవ్వా, ఆపొద్దు వేడుకలో... అడ్డం ఏమొచ్చిందని డాక్టర్ అడుగుతుండాడు."

"దానికేముంది పాపా. మేమే లేటుగా వచ్చినామని రాసుకో" అంది మునెమ్మ, తడుముకోకుండా. "అప్పటికే నీ చేతులు నిండిపోయినాయి. చోటు లేదు. పిల్లకూ అదే చెప్పినా."

"అది కాదవ్వా, నేను..."

మునెమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. చూపుతోనే పిల్లను చూపించి, తల అడ్డంగా ఊపింది, కొంచెమే. ఆ పిల్ల దగ్గర వద్దు అని. అనుప్రియ తప్పు ఒప్పుకుని బరువు దించుకుందామని వచ్చింది. ఆ బరువు దించాలంటే ఈ ఇంట్లో చోటు ఆ పిల్ల నెత్తి మీదే ఉంది. ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించింది.

ఏదో ఒకటి చేయాలి. ఆమె ఎడమచేయి చాపింది. "జననీ, నీ జత తెచ్చుకో. ఇప్పుడు వెయ్యి."

పిల్ల ఎగిరి గంతేసి దూది పొట్లం తెచ్చింది. అక్క ముందు గొంతుక్కూర్చుని, అవ్వ చేసినట్టే, ముందు చేతిమీదున్న గాజుల్ని పైకి జరిపింది. అవి గలగలమంటూ ముంజేతి మీదుగా జారిపోయి మోచేతి దగ్గర ఆగాయి. కింద మణికట్టు దాకా చెయ్యంతా ఖాళీ.

జనని ఆ ఖాళీని చూసింది.

"ఇంత చోటుండాదే" అంది, తనలో తాను.

బయట బండి చక్రానికి కట్టిన మేక ఒకటి అరుస్తోంది. పిల్ల ఆ చేతిని చూసింది, అవ్వను చూసింది, తర్వాత అక్క రెండో చేతిని చూసింది. అప్పుడుగానీ అనుప్రియకు తెలియలేదు, ఆ రెండో చెయ్యి మళ్ళీ కడుపు మీదే ఉంది. గబుక్కున తీసేసింది. తీసేసరికి ఆ చేతి గాజులు ఘల్లుమన్నాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే అయింది.

జనని తలవంచుకుని పనిలో పడింది. ఒక గాజు, ఇంకో గాజు. అక్క కడుపుకు తన చెయ్యి తగలకుండా, కాస్త దూరంగా జరిగి కూర్చుని, చేతులు బాగా చాపి వేసింది. అట్లా దూరం నుంచి వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. రెండు పచ్చగాజులు మణికట్టు మీద నిలిచాయి.

"మేమే లేటుగా వచ్చినాం అక్కా" అంది తలెత్తకుండా. "కదవ్వా?"

మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పని అయ్యాక బిడ్డను ఒక ప్రశ్న అడగాలి, అది పద్ధతి: చేసిన పనికి నీకెంత సంతోషం, పదికి ఎన్ని వేసుకుంటావు? ప్రతిసారీ అడిగే ఆ ప్రశ్న అనుప్రియ నోట ఈసారి రాలేదు. అది జననికి కంఠతా వచ్చు. అక్క మొహం చూసి, జాలిపడి, అవ్వ కొసరు వేసేటప్పటి గొంతుతో తనే చెప్పింది:

"పది వేసుకో అక్కా."